రాజు కాదన్న పుస్తకము

(ప్రసంగ పాఠము)

ఈ పూట మీకొక పుస్తకమును పరిచయము చేయవలెనని వచ్చితిని. అది భయము గొలుపు కథలు గల పుస్తకము; కావ్యము కూడ. దానిని వ్రాసినవానికి ఆస్థానము లేదు, పోషకుడు లేడు, తుదకు సిరాబుడ్డి కూడ లేదు. రాజసభకు పంపగా రాజు త్రోసిపుచ్చెను. ఆ మూలగ్రంథము నేడు లోకమున ఎచ్చటను దొరకదు. అయినను దాని వంశమున పుట్టిన కథలు మీలో చాలమందికి చిన్ననాటనే తెలిసియుండును. ఆ పుస్తకము బృహత్కథ. ఆ కవి గుణాఢ్యుడు.

నేను సిద్దిపేటవాడను. మా సిద్దిపేట 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లా యయినది. అంతవరకు మెదకు జిల్లాలోనిదే. ఆ పాత మెదకు జిల్లాలోనే కొండాపురమను గ్రామము కలదు. 1940 ప్రాంతమున గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున అచ్చట త్రవ్వకములు జరుగగా శాతవాహనుల కాలమునాటి నగరమొకటి బయల్పడినది. నాణెములు వేలకొలదిగ దొరకినవి. గుణాఢ్యుడు ఆ కొండాపురము వాడే యని మా ప్రాంతమున చెప్పుకొను వాడుక కలదు. కథాసరిత్సాగరము మాత్రము అతడు గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానమున, సాతవాహన మహారాజు కొలువున మంత్రిగా నుండెనని చెప్పుచున్నది. ఊరేదైనను అతని కథ మన నేల కథయే.

ఆ కథ నవ్వుతో ప్రారంభమై కన్నీటితో ముగియును. ఒకనాడు సాతవాహనుడు రాణులతో జలక్రీడ లాడుచుండగా ఒక రాణి అలసి, నీటితో కొట్టకుమని సంస్కృతమున వేడుకొనెను. ‘మా’ యనగా వద్దు, ‘ఉదకైః’ అనగా నీటితో. రెండును కలసి ‘మోదకైః’ అయినది. సంధి తెలియని రాజు, రాణి మోదకములు కోరినదనుకొని కుడుములు తెప్పించెను. రాణి నవ్వెను. చెలికత్తెలును నవ్విరి. రాజు సిగ్గుతో అన్నపానములు మాని, సంస్కృతము నేర్చినగాని ఎవరి ముఖము చూడనని పట్టుబట్టెను.

వ్యాకరణము నేర్చుటకు పండ్రెండేండ్లు పట్టును, నేను ఆరేండ్లలో నేర్పెదనని గుణాఢ్యుడనెను. శర్వవర్మ యను మరియొక మంత్రి లేచి, ఆరు నెలలు చాలుననెను. అట్లు జరిగినచో సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచివేయుదునని గుణాఢ్యుడు ప్రతిన పట్టెను. శర్వవర్మ కాతంత్రమను సులభ వ్యాకరణమును సాధించి, అన్నంత పని చేసెను. గుణాఢ్యుడు నోరు మూసికొని కొలువు విడిచి వింధ్యారణ్యమునకు పోయెను. విద్వాంసునకు మాట లేకపోవుటకంటె మించిన శిక్ష యేమున్నది!

అతనికి మిగిలిన భాష యొక్కటే. అది పైశాచి. పండితులు భూతభాషయని పిలిచిన ప్రాకృతము. అడవిలో కాణభూతి యను పిశాచము చెప్పిన మహాకథను గుణాఢ్యుడు ఆ భాషలో ఏడేండ్లు కూర్చుండి ఏడు లక్షల శ్లోకములుగా వ్రాసెనని ప్రతీతి. అడవిలో సిరా లేదు గాన తన నెత్తుటితో వ్రాసెను. గుణదేవుడు, నందిదేవుడు అను శిష్యులిద్దరు ఆ గ్రంథమును మోసికొని రాజసభకు పోయిరి. రాజు చూచెను. గ్రంథమా, ఏడు లక్షలు, భాషయా, పైశాచి, వ్రాతయా, నెత్తురు. చాలునని త్రిప్పి పంపెను.

గుణాఢ్యుడు ఒక కొండపై అగ్నిగుండము వేసికొని, గ్రంథమును ఒక్కొక్క పత్రము చొప్పున పైకి చదువుచు మంటలో వేయసాగెను. ఇచ్చట ఒక్క విషయము మీరు గమనింపవలెను. అతడు గ్రంథమును ఒక్కుమ్మడిగా మంటలో త్రోయలేదు. ప్రతి పత్రమును ముందు చదివెను, పిదప కాల్చెను. ఆ చదువు విని జింకలు, అడవిపందులు, ఎనుబోతులు చుట్టును చేరి, మేత మరచి, కన్నీరు కార్చుచు నిలిచినవట. మేత లేక మృగములు చిక్కిపోయినవి. రాజు వంటశాలకు ఎండుమాంసము వచ్చినది. రాజునకు జబ్బు చేసినది. వైద్యులు వంటవారిని, వంటవారు వేటగాండ్రను అడుగగా కారణము తెలిసెను. రాజు పరుగున వచ్చునప్పటికి ఆరు లక్షలు బూడిదయైనవి. మిగిలినది ఒక లక్ష. రాజు దానిని తలదాల్చి తీసికొనిపోయెను.

ఇది ఐతిహ్యము, చరిత్ర యనను. కాని బృహత్కథ యను గ్రంథము నిజముగ నుండెననుటకు సాక్షులున్నారు. దండి కావ్యాదర్శమున అది భూతభాషలోని అద్భుత గ్రంథమని పేర్కొనెను. 7వ శతాబ్దమున బాణుడు హర్షచరితమున దానిని కొనియాడెను. మూలము నశించినను దానిని అనుసరించి బుధస్వామియు, 11వ శతాబ్దమున కాశ్మీర దేశమున క్షేమేంద్రుడును, సోమదేవుడును సంస్కృత శ్లోకములలో కావ్యములు వ్రాసిరి. సోమదేవుడు అనంతరాజు దేవియైన సూర్యమతి మనస్సునకు ఊరటగా రచించిన కథాసరిత్సాగరము 18 లంబకములు, 124 తరంగములు గల మహాకావ్యము. మన తెలుగున వేదము వేంకటరాయ శాస్త్రిగారు దానిని వచనముగా వ్రాసిరి. నేడు మిమ్ములను చదువుడని కోరునది ఈ కథాసరిత్సాగరమునే. అందును ముఖ్యముగ 12వ లంబకమైన శశాంకవతిలోని ఇరువదియైదు బేతాళ కథలను. ఈ బేతాళ కథలు గుణాఢ్యుని మూలమున నుండెనా, కాశ్మీరమున చేరినవా యను చర్చ పండితులలో కలదు. బుధస్వామి గ్రంథము దొరకినంత మేరకు అందులో అవి లేవు. చదువరికి అది అడ్డు కాదు. పిశాచము చెప్పగా పుట్టిన గ్రంథపు వంశమున పిశాచము చెప్పిన కథలు వెలసినవి, అంతవరకు నిక్కము.

బేతాళుడనగానే మనకు చందమామ జ్ఞప్తికి వచ్చును. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో 1955 నుండి బేతాళ కథలు వెలువడినవి. భుజముపై శవము, చేత కత్తి, చుట్టును శ్మశానము గల ఆ బొమ్మ చూడని తెలుగు ఇల్లు అరుదు. ఆ పత్రిక తరువాత నిలిచిపోయినను ఆ బొమ్మ మనస్సుల నుండి చెరగలేదు. అయితే చందమామలోని పెక్కు కథలు ఆ చట్రమున క్రొత్తగ అల్లినవి. పాత ఇరువదియైదును వేరు. అవి పెద్దలకు చెప్పిన కథలు.

చట్రమును క్లుప్తముగ చెప్పెదను. ప్రతిష్ఠానపు రాజు త్రివిక్రమసేనుడు. క్షాంతిశీలుడను భిక్షువు పదేండ్లపాటు దినమునకొక పండు తెచ్చి యిచ్చెను. ఒకనాడు కోతి కొరుకగా పండులో రత్నము కనబడెను. ఋణపడిన రాజు కృష్ణచతుర్దశి రాత్రి శ్మశానమునకు పోయి, భిక్షువు కోరినట్లు, దూరమున శింశుపావృక్షమునకు వ్రేలాడు శవమును తెచ్చుటకు పూనుకొనెను. త్రాడు కోయగా శవము నేలబడి, దెబ్బ తగిలినట్లు మూలిగెను. అప్పుడు రాజు ఏమి చేసెనో చూడుడు. కత్తి ఎత్తలేదు, పరుగెత్తలేదు. ఎవడో బ్రతికియున్నవాడు కాబోలునని జాలిపడి చెట్టు దిగి, ఆ శరీరమును చేతితో నిమిరెను. శవము వికటముగ నవ్వెను. అప్పుడు గాని అందులో బేతాళుడున్నాడని తెలియలేదు.

చిన్ననాట మా నాయనమ్మ కోమటి చెరువు కట్టమీది చింతచెట్టు దయ్యము కథ చెప్పినప్పుడు నాకు భయము మాత్రమే కలిగినది. ఈ ఘట్టము చదివినప్పుడు భయముతో పాటు రాజుపై గౌరవము కలిగినది. మంచి భయానక కథకును, వట్టి బెదిరింపునకును గల భేదము ఇదియే యని నా యభిప్రాయము. బెదిరింపు మనలను పరుగెత్తించును. మంచి కథ, భయపడుచున్న మనిషిలో ఇంకేమి మిగిలియున్నదో చూపును.

ఒక కథను మచ్చునకు వినుడు. అగ్నిస్వామి యను విప్రుని కూతురు మందారవతి. ఆమెను కోరి ముగ్గురు యువకులు వచ్చిరి. ఎవరికిచ్చినను మిగిలిన ఇద్దరు ప్రాణములు విడుతురను భయమున తండ్రి ఎవరికిని ఈయలేదు. ఇంతలో జ్వరము వచ్చి ఆమె మరణించెను. దహనమైన పిదప ఒకడు ఆ బూడిదనే పడకగా చేసికొని శ్మశానమున నివసించెను. ఒకడు ఎముకలు గైకొని గంగకు పోయెను. మూడవవాడు సన్న్యాసియై తిరుగుచు ఒక గృహస్థు నింట భోజనమునకు కూర్చుండెను. ఆ యింట పసివాడు ఏడ్పు మానలేదు. తల్లి విసిగి వానిని ఎత్తి మండుచున్న నిప్పులో వేసెను.

అతిథి గడగడ వణకి, ఇది బ్రహ్మరాక్షసుల యిల్లు, ఇక్కడి అన్నము ముట్టనని లేచెను. ఇంటి యజమాని నెమ్మదిగ ఒక పుస్తకము తీసి మంత్రము చదివి ధూళి చల్లగా, పిల్లవాడు యథాప్రకారము నిప్పులోనుండి వెడలివచ్చెను. ఆ రాత్రి అతిథి ఆ పుస్తకమును దొంగిలించి శ్మశానమునకు పరుగెత్తెను. గంగనుండి రెండవవాడును వచ్చెను. బూడిదపై మంత్రము పడినది. మందారవతి లేచినది. ముగ్గురును నాదియన నాదియని కలహించిరి. ఆమె ఎవరి భార్య?

ఈ ప్రశ్నను ఒక రాత్రి మీ యింట అందరును కూర్చుండియున్నప్పుడు వేసి చూడుడు. ఇల్లాలు ఒకటి చెప్పును, పెద్దవారు ఒకటి చెప్పుదురు, పిల్లలు మరియొకటి. త్రివిక్రమసేనుడు చెప్పిన తీర్పు ఇది. బ్రతికించినవాడు జన్మమిచ్చినట్లు గాన తండ్రివంటివాడు. ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకు చేయవలసిన పని చేసెను. ఏ ఆశయు లేకయే బూడిదను కౌగిలించుకొని పడుకొన్నవాడే భర్త. తీర్పును మీరంగీకరింపకపోవచ్చును. ఆ యిల్లాలు పసివానిని నిప్పులో వేసిన ఘట్టమును గూర్చి నా మనస్సు ఇప్పటికిని సమాధానపడలేదు. మంత్రమున్నదను ధీమా ఎంత క్రూరత్వమునకైనను చేయి చాచునా యని తోచును. కథ ఆ మాటను అడుగదు. మనలను అడుగుకొనునట్లు చేయును.

ప్రతి కథ చివరను రాజు సంకటము ఒక్కటే. తెలిసి చెప్పకున్న తల పగులును. చెప్పినచో మౌనము చెడి బేతాళుడు చెట్టెక్కును. న్యాయము తెలిసినవాడు నోరు మూసికొని యుండరాదు. చెప్పిన పిదప నష్టము తప్పదు. ఇరువది మూడు మారులు రాజు నష్టమునే ఎంచుకొని తిరిగి చెట్టుకడకు నడచెను. తుదకు తనకు నిజముగ తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఊరకుండెను. తెలియనిదానిని తెలిసినట్లు నటింపలేదు. బేతాళుడు సంతోషించి భిక్షువు కుట్రను బయటపెట్టెను. సాష్టాంగపడుమని వాడన్నప్పుడు, నాకు తెలియదు, నీవే చేసి చూపుమనుము. వాడు వంగగానే తల నరుకుము అని బోధించెను. అట్లే జరిగెను.

అప్పుడు వరము కోరుమనగా రాజు కోరిన కోరిక నన్ను ఆశ్చర్యపరచినది. ఈ కథలు లోకమున ప్రసిద్ధమై పూజింపబడవలెనని మాత్రమే అతడడిగెను. ఈ కథలు చదువుచోట యక్ష రాక్షస బేతాళాదులకు బలము చెల్లదని బేతాళుడే వరమిచ్చెను. పిల్లలకు దయ్యాల కథలు చెప్పవచ్చునా యని అడుగు తల్లిదండ్రులకు ఇంతకంటె మంచి సమాధానము నాకు దొరకలేదు. చీకటిలో ఒంటరిగ ఊహించుకొన్న భయము పెరుగును. దీపము ముందు, పదిమంది నడుమ, మంచి మాటలలో విన్న భయము తరుగును. పసివారికి మాత్రము కథను ఎన్నుకొని చెప్పవలెను. మందారవతి కథ పెద్ద పిల్లలకే తగును.

పద్యమునకును ఈ శక్తి కలదు. 15వ శతాబ్దమున కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోను, జక్కన విక్రమార్క చరిత్రములోను విక్రమార్కుని సాహస గాథలను తెలుగు పద్యములలో చెప్పిరి. మన కాలమునకు దగ్గరగా జాషువగారి శ్మశానవాటి పద్యములు హరిశ్చంద్ర నాటకమున నటుల గొంతులలో పల్లెపల్లెకు పోయినవి. కాటి నడుమ నిలిచి పాడిన ఆ పద్యములు విని భయపడినవారికంటె కంట తడి పెట్టినవారే యెక్కువ.

వినిపించుటవలన నిలిచిన సాహిత్యము మా జిల్లాకు క్రొత్త కాదు. మా చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై పొడవుగ కథను చిత్రించి యిత్తురు. కథకులు దానిని విప్పుచు పాడుదురు. కొమురవెల్లి మల్లన్న కథను ఒగ్గువారు డోలు దెబ్బతో చెప్పుదురు. ఆ పాటల వెనుక ఏ రాజముద్రయు లేదు. వినువారుండుటవలననే అవి నిలిచినవి.

ఇక స్వంత మాట ఒకటి చెప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట నేనును ఒక చిన్న పద్యముల పుస్తకము స్వంత వ్యయముతో అచ్చువేయించితిని. మున్నూరు ప్రతులు. కొన్ని పత్రికలకు పంపితిని, ఉత్తరము రాలేదు. మిత్రులకు పంచగా మిగిలిన కట్టలు అటకపై చెదల పాలగుచుండెను. ఒకనాడు విసిగి, పాత కాగితముల వానికి వేయుదమని క్రిందికి దించితిని. మా యింటావిడ చూచి, “ఎవలకన్న చదివి వినిపించిన్రా? మాకన్న ఒక్కనాడు వినిపించిన్రా?” అని అడిగినది. నాకు మారుమాట దొరకలేదు. గుణాఢ్యుడు కాల్చుటకు ముందు చదివెను. నేను చదువకయే పారవేయబూనితిని. ఆ రాత్రి వాకిట కూర్చుండి నాలుగు పద్యములు చదివితిని. రెండు బాగున్నవనిరి. ఒకటి అర్థము కాలేదనిరి. ఒకదానికి మాటాడలేదు. కట్టలు మరల అటకెక్కినవి గాని మునుపటివలె కాదు; నెలకొకమారు దిగుచున్నవి.

ఇతర దేశములందును కవులకు ఇట్టి ఆరంభములు కలవు. అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో 1827లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, తన తొలి పద్యముల పుస్తకమును బోస్టన్ నగరమున అచ్చువేయించెను. పేరు కూడ వేసికొనలేదు. బోస్టన్ వాసి యని మాత్రమే వేసికొనెను. సుమారు 50 ప్రతులు. ఎవరును పట్టించుకొనలేదు. భయానక కథకును కవితకును ఆ దేశమున పెద్ద దిక్కైనవాడు ఆ అనామకుడే. మన వేదము వేంకటరాయ శాస్త్రిగారును తమ పుస్తకములను అచ్చువేయుటకు స్వంత ముద్రాక్షరశాలను పెట్టుకొనినవారే.

కావున శ్రోతలకు నా మనవి రెండు మాటలు. కథాసరిత్సాగరమును గ్రంథాలయమునుండి తెచ్చి, బేతాళ కథలను రాత్రికొకటి చొప్పున ఇంటిల్లిపాది వినునట్లు పైకి చదువుడు. ప్రశ్న వచ్చినచోట పుస్తకము మూసి, అందరి తీర్పులు విని, తరువాత రాజు తీర్పు చదువుడు. ఇది మొదటిది. రెండవది, మీ ఊర ఎవరైన స్వంత ఖర్చుతో అచ్చువేసికొనిన పుస్తకమును చేత పెట్టినచో, దాని భాషయు, పరిమాణమును, అట్టయు చూచి త్రిప్పి పంపకుడు. ఒక్క పత్రమైనను చదివి వినుడు. బాగుండకపోయిన ఆ మాటయే చెప్పుడు. వ్రాసినవానికి అదియు మేలే.

సాతవాహనుడు మొదటి రోజుననే ఒక పత్రమును చదివించుకొని యుండిన, మనకు ఏడు లక్షలును దక్కియుండును. అతడు వినలేదు, జింకలు వినినవి. వినుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదని, కొంత ఓపిక చాలునని ఆ మృగములు చెప్పుచున్నవి. రేడియో ముందు కూర్చుండి ఇంతసేపు నా మాటలు వినిన మీకు ఆ ఓపిక కలదని నాకు తెలియును.